ఫ్యాన్ తిరుగుతున్నా మరిగిన మారుతి: 800 రిపేరు డైరీ

బండి 1993 మారుతి 800. ఏసీ లేదు, కార్బ్యురేటర్ ఇంజిను. నాన్న కొన్నది, ఇప్పుడు నా చేతికొచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కడం దీని జబ్బు. రెండేళ్లలో ఇద్దరు మెకానిక్‌లు చూశారు. చూసినప్పుడల్లా ఏదో ఒకటి మార్చారు, వేడి మాత్రం తగ్గలేదు. ఈసారి నేనే విప్పాను. ఏప్రిల్ రెండో వారం నుంచి మే నెలాఖరు దాకా హైదరాబాద్ ఎండల్లో ఆదివారాలన్నీ దీనికే పోయాయి. కొలిచినవీ, చేసిన తప్పులూ వరసగా రాస్తున్నాను. తొందరలో ఉన్నవాళ్లు ఆరో దశ ఒక్కటి చదివినా చాలు, నేను పోగొట్టుకున్న రెండు వారాలు మీకు మిగులుతాయి.

అంబాసిడర్, పద్మినీ నడిపిన వాళ్లకు ఒక మాట. వాటిలో ఇంజిను ముందు నుంచి వెనక్కి పొడవుగా ఉంటుంది, ఫ్యాన్ వాటర్ పంపు పుల్లీ మీదే కూర్చుని బెల్టుతో తిరుగుతుంది. ఇంజిను తిరిగితే అదీ తిరగాల్సిందే. 800లో మూడు సిలిండర్ల, 796 సీసీ ఇంజిను అడ్డంగా ఉంటుంది. అందుకే రేడియేటర్ వెనక కరెంటు ఫ్యాన్ పెట్టారు. అంటే మోటారు, ఫ్యూజు, వేడిని బట్టి ఆన్ అయ్యే స్విచ్, నాలుగైదు కనెక్టర్లు. చెడిపోవడానికి ఇన్ని చోట్లున్నాయన్నమాట.

దశ 1: విప్పే ముందు కొలత (ఏప్రిల్ 13)

నీళ్ల వేడి తెలియడానికి తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నాను. మొదటి గంట అది నన్ను తప్పుదారి పట్టించింది. థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) మూత మీద పెడితే 61 డిగ్రీలు చూపింది. దాన్ని ఆనుకునే ఉన్న రబ్బరు గొట్టం మీద 93. లోపల ఉన్నది ఒకే నీళ్లు! మెరిసే అల్యూమినియం మీద ఈ థర్మామీటర్లు సరిగ్గా చూపవు. మూత మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి మళ్లీ చూస్తే 94 వచ్చింది. ఇకమీద రాసే అంకెలన్నీ టేపు మీద కొలిచినవే.

మొదటి రోజు లెక్కలు, బయట నీడలో 38 డిగ్రీలు:

1. ఖాళీ రోడ్డు మీద 60 వేగంలో 20 నిమిషాలు: 58 డిగ్రీలు.
2. ఇంటి ముందు ఐడిలింగ్‌లో (బండి ఆగి, ఇంజిను మాత్రం నడుస్తుండగా) 80 నుంచి 104కి చేరడానికి: 7 నిమిషాల 40 సెకన్లు. అక్కడే ఆపేశాను.
3. ఆ సమయంలో ఫ్యాన్: తిరుగుతోంది, నీరసంగా. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్లీ అందుకుంది.

మొదటి అంకె చూసి ఆశ్చర్యపోయాను. వేడెక్కుతోందని ఫిర్యాదు చేస్తున్న బండి రోడ్డు మీద 58 దగ్గర చల్లగా పరిగెడుతోంది. మూత విప్పితే థర్మోస్టాట్ వాల్వు లేనే లేదు. పాత మెకానిక్‌కు ఫోన్ చేస్తే దాపరికం లేకుండా చెప్పాడు: "ఎండాకాలం వాల్వ్ ఎందుకు సార్? తీసేసిన. ఫ్యాన్ కూడా డైరెక్ట్ చేసిన." అంటే స్విచ్‌తో పని లేకుండా, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా కలిపేశాడు.

దాంతో వరస దొరికింది. మొదట స్విచ్ పోయింది. దానికి మందుగా ఫ్యాన్ డైరెక్ట్ అయింది. చలికాలం పొద్దున కూడా ఆగకుండా తిరిగి తిరిగి మోటారు అరిగింది. అరిగిన మోటారు ట్రాఫిక్‌లో చాలక వేడి పెరిగితే వాల్వు పీకేశారు. వాల్వు లేకపోతే ఇంజిను వేడెక్కడం ఆలస్యమవుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఆగి ఉన్న బండికి గాలి కావాలి. ఆ గాలి వాల్వు తీస్తే వస్తుందా?

నడుస్తుంటే బాగుండి, ఆగితే మరిగిందంటే ముందు ఫ్యాన్ వైపు చూడాలి. ఆగినప్పుడు బాగుండి, వేగంలో మరిగిందంటే రేడియేటర్ పూడిక, నీళ్లు తగ్గడం, పంపు లాంటివి చూడాలి. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి. నాకు ఇది ఒకసారి ఉపకారం, ఒకసారి అపకారం చేసింది.

రేడియేటర్ మూత రబ్బరు కూడా పగిలి ఉంది. దాని మీద 0.9 అని ఉంటుంది, లోపల నిలబెట్టే ఒత్తిడి అది. ఆ ఒత్తిడి నిలిస్తే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పోతే మామూలు గిన్నెలో లాగే మరిగి బయటికి పోతాయి. కొత్తది వేశాను.

ఖర్చు: థర్మామీటర్ 850, మూత 130, టేపు 20. ఇప్పటిదాకా: రూ. 1,000.

దశ 2: మోటారు ఎంత తాగుతోంది (ఏప్రిల్ 20)

మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇచ్చాను. తిరగలేదు. స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కటి కొడితే అందుకుంది. కొడితే తిరిగే మోటారుకు బ్రష్‌లు (లోపల తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగినట్టే.

ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో చూద్దామని మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి మధ్యలో కలిపాను. టప్‌మని మీటరు ఫ్యూజు పోయింది. నడుస్తున్నప్పుడు 7, 8 ఆంపియర్లే తీసుకునే మోటారు, ఆగిన స్థితి నుంచి కదిలేటప్పుడు క్షణకాలం దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఇది తెలిసి కూడా చేశాను, ఎందుకంటే బద్ధకం. తర్వాత సోలార్ ప్యానెళ్లు బిగించే స్నేహితుడి దగ్గర డీసీ క్లాంప్ మీటర్ అరువు తెచ్చాను, అది వైరును తెంపకుండా చుట్టూ పట్టుకునే కరెంటు కొలుస్తుంది. చవగ్గా దొరికే క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ కరెంటే కొలుస్తాయి, కొనేవాళ్లు డీసీ ఆంపియర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

క్లాంప్ రీడింగు: 3.9 నుంచి 6.2 మధ్య ఊగుతోంది, ఒక్కోసారి సున్నా. ఆరోగ్యంగా ఉన్న మోటారు అంకె ఇలా ఊగదు.

ఫ్యూజు పెట్టెలో ఫ్యాన్ చోట ఫ్యూజు లేదు, మెలితిప్పిన రాగి పోగు ఉంది. దేవుడి దయ వల్ల వైరింగ్ అంటుకోలేదు.

ఖర్చు: మీటరు ఫ్యూజు 40. ఇప్పటిదాకా: రూ. 1,040.

దశ 3: బ్రష్‌లు (ఏప్రిల్ 22)

మోటారు విప్పితే ఒక బ్రష్ 4 ఎంఎం, ఇంకొకటి 3 ఎంఎం మిగిలాయి. కొత్తవి 11 ఎంఎం. లోపలంతా నల్లటి కార్బన్ పొడి.

1. కమ్యూటేటర్‌ను (బ్రష్‌లు ఆనే రాగి పలకల చుట్టును) జీరో నంబర్ గరుకు కాగితంతో, చుట్టూ తిప్పుతూ తుడిచాను. నిలువుగా రుద్దితే గీతలు పడి కొత్త బ్రష్‌లను తినేస్తాయి.
2. రాగి పలకల మధ్య సందుల్లో ఇరుక్కున్న పొడిని పాత బ్లేడుతో గీకాను.
3. వెనక బుష్‌కు ఒకే చుక్క నూనె. రెండో చుక్క కమ్యూటేటర్ మీదికి పాకుతుంది.
4. బ్రష్‌లు టంకం పెట్టడానికి మోటారు వైండింగ్ షాపుకిచ్చాను. ఎండిపోయిన పాత వైర్లు కూడా వాళ్లే మార్చారు.

నాలుగో అంకెలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. వాళ్లు వేసిన రెండు వైర్లూ ఎర్రవే. నేను పట్టించుకోలేదు.

ఖర్చు: 300. ఇప్పటిదాకా: రూ. 1,340.

దశ 4: దారిలో పోతున్న వోల్టులు (ఏప్రిల్ 27)

మోటారు బాగయ్యాక పాత వైరింగ్‌కే కలిపి చూశాను. ఇంకా నీరసమే. ఇంజిను ఐడిలింగ్‌లో, ఫ్యాన్ తిరుగుతుండగా ఒక్కో చోటా మీటరు పెట్టాను. ఫ్యాన్ ఆపి కొలిస్తే అన్ని చోట్లా నిండు వోల్టులే కనిపిస్తాయి, దోషం దొరకదు. కరెంటు పారుతున్నప్పుడే చూడాలి.

- బ్యాటరీ మీద: 13.9
- ఫ్యూజుకు ముందు: 13.2
- ఫ్యూజు దాటాక: 12.7
- ఫ్యాన్ ప్లస్ దగ్గర: 12.4
- ఫ్యాన్ మైనస్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య: 2.1

చివరి అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. 2.1 అంటే ఎర్త్ బోల్టు కింద తుప్పు. మోటారుకు నిజంగా అందుతున్నది 12.4లో 2.1 తీసేస్తే 10.3 మాత్రమే. బ్యాటరీ ఇచ్చిన దాంట్లో నాలుగో వంతు దారిలోనే వేడిగా ఖర్చవుతోంది. ఫ్యాన్ కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడింది, ఆ వేడి గుర్తు అదే.

నా బండిలో మొదట ఉన్న పద్ధతి ప్రకారం మోటారు కరెంటంతా ఉష్ణోగ్రత స్విచ్ గుండానే పోవాలి. అంత భారం చిన్న స్విచ్ మీద పెట్టడం ఇష్టం లేక రిలే పెట్టాను. స్విచ్ ఇప్పుడు రిలేను మాత్రం కదిలిస్తుంది, అసలు బరువు రిలే మోస్తుంది.

1. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడి నుంచి రిలే 30వ కాలుకు.
2. రిలే 87 నుంచి ఫ్యాన్ ప్లస్‌కు 2.5 చదరపు ఎంఎం వైరు. ఇంటి వైరింగ్‌ది కాదు, సన్న పోగులు ఎక్కువగా ఉన్న బండి వైరు. వణుకుడుకు ఇంటి వైరు తెగుతుంది.
3. 86కు ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే కరెంటు.
4. 85 నుంచి ఉష్ణోగ్రత స్విచ్‌కు, స్విచ్ రెండో కాలు ఎర్త్‌కు.
5. ఫ్యాన్ మైనస్‌కు కొత్త వైరు. బాడీ మీద పెయింటు గీకి, తుప్పు పోయేదాకా రుద్ది, బోల్టు బిగించాక పైన గ్రీజు.

స్విచ్ కనెక్టర్ తీసి రెండు వైర్లనూ కలిపి పరీక్షించాను. బ్యాటరీ మీద 13.9, మోటారు మీద 13.4. కరెంటు 7.8 ఆంపియర్ల దగ్గర కదలకుండా నిలిచింది. చప్పుడే మారిపోయింది, పక్కింటాయన గోడ మీంచి తొంగి చూశాడు.

ఖర్చు: రిలే, బేసు 170, ఫ్యూజు హోల్డర్ 60, వైరు 160, లగ్గులు, స్లీవులు 70. ఇప్పటిదాకా: రూ. 1,800.

దశ 5: స్టవ్ మీద స్విచ్, వాల్వు (మే 4)

రెండింటినీ గిన్నెలో నీళ్లు పోసి కాచి పరీక్షించవచ్చు. కూలెంట్ తగిలిన గిన్నెలో మళ్లీ వంట చేయకూడదు, దాంట్లోని గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి నేల మీద ఒలికినది కుక్కలు నాకుతాయి, కడిగేయండి. నేను పాత అల్యూమినియం గిన్నె ఒకటి అడిగి తీసుకున్నాను. అమ్మ దాన్ని తిరిగి వంటింట్లోకి రానివ్వలేదు, అదే మంచిది.

1. స్విచ్‌ను తీగతో వేలాడదీయాలి, అడుగు తగలకూడదు. మరలు మునిగితే చాలు, కాళ్లు తడవకూడదు.
2. రెండు కాళ్లకూ మీటరును బీప్ మోడ్‌లో పెట్టాలి.
3. వంటింటి డిజిటల్ థర్మామీటర్ మొన స్విచ్ పక్కనే ఉండాలి.
4. సెగ తగ్గించి నెమ్మదిగా కాచాలి, కలుపుతూ ఉండాలి.

పాత స్విచ్: నీళ్లు తెర్లినా మోగలేదు. ఇక్కడో చిన్న చిక్కుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, మా ఇంట్లో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, ఇంకా పైకి పోవు. 100 దగ్గర ఆన్ అయ్యే స్విచ్‌ను ఇక్కడ గిన్నెలో పరీక్షించి పాడైందనుకుంటే తప్పే. నా స్విచ్ విషయంలో ఆ సందేహం లేదు. పైకి తీస్తే లోపలి ముక్క కదులుతున్న చప్పుడు వినిపించింది.

రాణిగంజ్‌లో కొన్న మొదటి కొత్త స్విచ్ 97 దగ్గర మోగింది. డబ్బా మీద 800 అనే రాసి ఉంది. ఫ్యాన్ అంత ఆలస్యంగా మొదలైతే ట్రాఫిక్‌లో వేడి చూపే ముల్లు పైనే ఉంటుంది. వైర్లు టంకం పెట్టి చూశాను కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకోలేదు, తప్పు నాదే. క్రొకడైల్ క్లిప్పులు వాడాల్సింది. ఇంకో షాపులో కొన్న రెండోది 91 దగ్గర మోగి, చల్లారేటప్పుడు 86 దగ్గర ఆగింది. మూడుసార్లు కాచినా అదే లెక్క. అదే బిగించాను.

వాల్వు: మీద 82 అని ముద్ర. 82, 83 మధ్య కదలడం మొదలై, 95కి దాదాపు 8 ఎంఎం తెరుచుకుంది. చిన్న గాలి రంధ్రం ఉన్న వైపు పైకి వచ్చేలా బిగించాను.

ఖర్చు: పనికిరాని స్విచ్ 220, పనికొచ్చిన స్విచ్ 340, వాల్వు 260, ప్యాకింగు 30. ఇప్పటిదాకా: రూ. 2,650.

దశ 6: సమస్య తిరగబడింది (మే 11 నుంచి 22)

నీళ్లన్నీ దింపితే మూడున్నర లీటర్లకు కాస్త పైన వచ్చాయి, టీ రంగులో. ముందు చక్రాలు ఇటుకల మీద ఎక్కించి, మూత తీసి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోశాను. ఇంజిను ఆన్ చేసి పై గొట్టం పిసుకుతూ ఉంటే గాలి బుడగలు వచ్చాయి. వాల్వు తెరుచుకున్నాక మట్టం ఒక్కసారిగా పడింది, మళ్లీ నింపాను. బుడగలు ఆగాక మూత పెట్టాను.

ఐడిలింగ్‌లో 91కి ఫ్యాన్ ఆన్. బాగానే ఉంది. కానీ ఆఫ్ కావడానికి ఆరు నిమిషాలు పట్టింది. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఎండ ఎక్కువగా ఉందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తార్నాక నుంచి ఉప్పల్ వైపు తీశాను. 50 వేగంలో ముల్లు ముప్పావు దాటింది. హబ్సిగూడ దగ్గర పక్కకు ఆపాను, టేపు మీద 103. ఇంజిను ఆపకుండా నిలబడితే నెమ్మదిగా 97కి దిగింది. ముందు ఆగితే మరిగేది, ఇప్పుడు పరిగెడితే మరుగుతోంది!

మొదటి దశలో రాసుకున్న సూత్రం ఇక్కడే నన్ను ముంచింది. వేగంలో వేడెక్కితే పూడిక అన్నాను కదా, ఫ్యాన్‌ను అనుమానితుల జాబితాలోంచి కొట్టేశాను. రేడియేటర్ విప్పడానికి ముందు రెండు రాత్రులు హెడ్ గాస్కెట్ (ఇంజిను పై భాగమైన హెడ్డు కింద ఉండే ప్యాకింగు) టెన్షన్. ఈ ఇంజిను హెడ్డు అల్యూమినియం, ఎక్కువ వేడికి వంగుతుంది. చల్లటి ఇంజిను మీద మూత తీసి స్టార్ట్ చేసి చూశాను, ఆగకుండా వచ్చే బుడగలు లేవు. ఆయిలు మూత కింద పాల మీగడ లాంటిది లేదు. గాస్కెట్ కాదు.

రేడియేటర్‌ను టంకం పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడి చాచా పై ట్యాంకు టంకం కరిగించి తెరిచాడు. గొట్టాల మూతుల్లో తెల్లటి సున్నపు పెంకు. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల ఫలితం. తొమ్మిది గొట్టాలు పూర్తిగా మూసుకున్నాయి. సన్నటి రేకు పట్టీ ఒక్కోదాంట్లో దూర్చి తీశాడు, మళ్లీ టంకం పెట్టి నీళ్ల తొట్లో గాలి కొట్టి చూశాడు. అక్కడే బిగించి ఇంటికి బయల్దేరాను. రెండు కిలోమీటర్లకే ముల్లు పైకి.

వెనక్కి తిరిగి వచ్చాను. చాచా ఏమీ విప్పలేదు. షాపులో వెలుగుతున్న ఊదుబత్తి తీసుకొచ్చి, ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్ ముందు పెట్టాడు. పొగ లోపలికి పోవాలి. నా మొహం మీదికి వచ్చింది.

"గాలి ఉల్టా వస్తుంది బేటా. ఫ్యాన్ తిరిగితే అయిపోతదా? గాలి ఎటు పోతుందో చూడాలె కదా."

వైండింగ్ షాపులో వేసిన రెండు ఎర్ర వైర్లు. ప్లస్, మైనస్ తారుమారు చేసి కలిపాను. ఈ మోటారులో శాశ్వత అయస్కాంతాలుంటాయి, కరెంటు దిశ మారితే తిరిగే దిశా మారుతుంది. రేడియేటర్ వెనక ఉండి ముందు గాలిని లోపలికి లాగాల్సిన ఫ్యాన్, ఇంజిను దగ్గరి వేడి గాలిని ముందుకు తోస్తోంది. ఆగి ఉన్నప్పుడు ఆ వంకర గాలి కూడా కొంత పనికొచ్చింది. బండి పరిగెత్తినప్పుడు ఎదురుగాలి లోపలికి, ఫ్యాన్ గాలి బయటికి. రెండూ రేడియేటర్ మధ్యలో కొట్టుకుని గాలి కదలడం మానేసింది. నేను దశ 4లో బలం పెంచడం వల్ల ఆ పోట్లాట ఇంకా ముదిరింది.

నాలుగో దశ చివర చప్పుడు విని మురిసిపోయానే గానీ, గ్రిల్ ముందు ఒక కాగితం ముక్క పెట్టి చూడలేదు. సరిగ్గా తిరుగుతుంటే కాగితం గ్రిల్‌కు అతుక్కుంటుంది, లేకపోతే ఎగిరిపోతుంది. పది సెకన్ల పని. చెయ్యి మాత్రం లోపలికి పెట్టకండి.

ఖర్చు: కూలెంట్ రెండు లీటర్లు 700, డిస్టిల్డ్ వాటర్ 100, రేడియేటర్ పని 1,100. ఇప్పటిదాకా: రూ. 4,550.

దశ 7: పిన్నులు తారుమారు, మళ్లీ కొలత (మే 23 నుంచి 25)

కనెక్టర్‌లో రెండు పిన్నులు తీసి అటుదిటు మార్చాను. మైనస్ వైరు మీద నల్ల స్లీవు తొడిగాను. కాగితం గ్రిల్‌కు అతుక్కుంది. రేడియేటర్ విప్పినప్పుడు దింపిన కూలెంటును సన్నటి బట్టలో వడగట్టి అదే వాడాను. కింది గొట్టం క్లిప్పులు తుప్పు పట్టాయని రెండు కొత్తవి వేశాను.

బయట నీడలో 40 డిగ్రీలు:

1. ఐడిలింగ్ 30 నిమిషాలు: 91 దగ్గర ఫ్యాన్ ఆన్, 1 నిమిషం 50 సెకన్లకు ఆఫ్. మళ్లీ ఆన్ కావడానికి 3 నిమిషాల పైన. ఎక్కడా 93 దాటలేదు.
2. తార్నాక, ఉప్పల్, మళ్లీ తార్నాక, సాయంత్రం ఆరింటి ట్రాఫిక్: ముల్లు సగం కింద.
3. 60 వేగంలో: 84, 85. ఫ్యాన్ పని లేదు.
4. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్, నలుగురు మనుషులు, సెకండ్ గేరు: పైకి చేరాక 92. ఫ్యాన్ ఒకసారి వచ్చి ఆగింది.

ఖర్చు: క్లిప్పులు 60. మొత్తం: రూ. 4,610.

ఇందులో గాల్లో కలిసినవి 260: మీటరు ఫ్యూజు, మొదటి స్విచ్. రేడియేటర్ పని అసలు జబ్బు కాకపోయినా ఆ 1,100ను దండగ లెక్కలో వేయను. తొమ్మిది గొట్టాల సున్నం నా కళ్లతో చూశాను.

మిగిలింది ఒకటే. కింది గొట్టం దగ్గర రాత్రికి ఒక చుక్క కారుతోంది. క్లిప్పు కాదు, పైపు మూతి మీద తుప్పు గుంట ఉంది. కింద అట్టముక్క పెట్టాను. వచ్చే ఆదివారం విప్పుతాను.